గాలికి ఎదురు తెరుచుకునే తలుపు

వానాకాలంలో బైక్ వెనక కూర్చుని గొడుగు పట్టుకున్నవాళ్లకు ఈ వ్యాసంలో సగం ముందే తెలిసినట్టు. గొడుగును ముందుకు వంచి పట్టుకున్నంతసేపూ గాలే దాన్ని మన మీదికి నొక్కిపెడుతుంది. చెయ్యి కాస్త వెనక్కి వాలిందంటే చాలు, గాలి లోపలికి దూరుతుంది, ఊచలు తిరగబడతాయి, భుజం ఊడొచ్చినంత పనవుతుంది. అదే గొడుగు, అదే గాలి. ఏ అంచు గాలికి దొరికిందన్నదే తేడా.

కారు తలుపుకీ ఇదే లెక్క. మన రోడ్ల మీద తిరిగే కార్లలో దాదాపు అన్నిటికీ తలుపు బందులు ముందు అంచుకి, అంటే బానెట్ వైపు ఉంటాయి. గడియ వెనక అంచుకి పడుతుంది. దీన్ని తిరగేసి, బందులు వెనక అంచుకి బిగించి, ముందు అంచు తెరుచుకునేలా చేస్తే వచ్చే తలుపుకి ఇంగ్లీషువాళ్లు సూసైడ్ డోర్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో కారు అమ్ముడుపోదు కాబట్టి కంపెనీలు తలో ముద్దుపేరు వెతుక్కున్నాయి. రోల్స్ రాయిస్ కోచ్ డోర్ అంటుంది. మాజ్దా ఫ్రీస్టైల్ డోర్ అంది, ఓపెల్ ఫ్లెక్స్‌డోర్ అంది, మినీ క్లబ్‌డోర్ అంది, ఫెరారీ ఏకంగా వెల్‌కమ్ డోర్ అనేసింది. మనం తిన్నగా వెనక బందుల తలుపు అనుకుందాం.

ఈ తలుపు మాటెత్తితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అది ఎప్పుడో నిషేధించిన వస్తువు అని కొందరు. కోట్లు పోసి కొనే కార్లకే పెట్టారంటే అందులో ప్రమాదం ఏముంటుంది అని ఇంకొందరు. రెండూ సరికాదు. నాకు అర్థమైనంతలో, కదులుతున్న కారులో ఈ తలుపుతో ఉన్న గండం చాలావరకు తీరిపోయింది. ఆగి ఉన్న కారులో ఉన్న చిక్కులు మాత్రం అలాగే ఉన్నాయి. పేరు మొదటి గండం మీద పడింది కాబట్టి రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

తప్పు బందులదా, గడియదా

1920లు, 30ల నాటి కార్లను ఊహించుకోండి. చాలావాటికి లోపల చెక్క చట్రం, దానిమీద రేకు. గతుకుల రోడ్డు మీద వెళ్తుంటే ఆ ఒళ్లంతా మెలికలు తిరిగేది. వానకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. పాత ఇళ్లలో తలుపులు వానాకాలంలో పట్టేసి, వేసవిలో వదులైనట్టే. ఇక ఆ తలుపుకి ఉన్న గడియ కూడా ఇంటి తలుపు గడియ లాంటిదే: వెనక స్ప్రింగ్ ఉన్న ఏటవాలు నాలుక ఒకటి, అది వెళ్లి పడే గాడి ఒకటి. ఇల్లు కదలదు కాబట్టి నాలుక గాడిలోనే ఉంటుంది. కారు మెలిక తిరిగితే తలుపుకీ, దాని పక్కన కప్పును మోసే నిలువు స్తంభానికీ, అంటే పిల్లర్‌కీ మధ్య సందు పెరుగుతుంది. నాలుక పొడవు కంటే సందు ఎక్కువైన మరుక్షణం తలుపు ఊడి వచ్చేస్తుంది.

గడియ ఊడటం అప్పట్లో అన్ని తలుపులకీ ఉన్న జబ్బే. బందులు ఎటువైపు ఉన్నాయన్నది ఆ తర్వాత ఏం జరుగుతుందో తేలుస్తుంది.

బందులు ముందున్న తలుపు ఊడితే కొంచెం తెరుచుకుని అక్కడే ఆగుతుంది. కారు పక్కల నుంచి జారే గాలి దాన్ని కాస్త బయటికి పీలుస్తుంది కానీ, తలుపు ఇంకొంచెం బయటికి రాగానే ఎదురుగాలి తగిలి మళ్లీ లోపలికి నెడుతుంది. గడగడమని కొట్టుకుంటుంది, టెన్షన్ పెడుతుంది, అంతకు మించి దూరం పోదు. బందులు వెనకున్న తలుపు అలా కాదు. ముందు అంచు వేలెడు తెరుచుకుందంటే ఆ సందులోకి గాలి దూరి తలుపును తెరచాపలా పట్టేస్తుంది. ఎంత తెరుచుకుంటే అంత ఎక్కువ గాలి పడుతుంది. అంత గాలి పడితే ఇంకా తెరుచుకుంటుంది.

ఎంత బలమో ఒక ముతక లెక్క వేసుకుందాం. తలుపు వైశాల్యం సుమారు ఒక చదరపు మీటరు అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పూర్తిగా ఎదురు నిలిచిన ఆ తలుపు మీద గాలి తోపు దాదాపు 17 కిలోల బరువంత. 100 దగ్గర 47 కిలోలు. 120 దగ్గర 68 కిలోలు, అంటే ఓ మోస్తరు మనిషి బరువు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, అందుకే అంకెలు అంత తొందరగా పెరుగుతాయి. ఆనాటి కార్ల వేగాలు తక్కువే అయినా, ఒక చేత్తో అందుకుని మూసేద్దాం అనుకున్న మనిషికి 17 కిలోలు కూడా తక్కువేం కాదు.

అసలు ప్రాణం తీసింది ఆ అందుకోవడమే. వెనక బందుల తలుపు హ్యాండిల్ ఎక్కడుంటుందో చూడండి: ముందు అంచు దగ్గర. తలుపు తెరుచుకుంటే ఆ అంచు మనకు ఎదురుగా, బయటికి, దూరంగా పోతుంది. దాన్ని పట్టుకోవాలంటే సీటులోంచి లేచి ముందుకీ బయటికీ వంగాలి. సీటు బెల్టులు లేని రోజులు. వేళ్లు హ్యాండిల్‌కి తగిలిన సమయానికి గాలి తలుపును బార్లా తీసేస్తే, పట్టుకున్న మనిషి కూడా దాంతోపాటే రోడ్డు మీదికి. తలుపు ఊడిందని కంగారుపడటం, పక్కనున్న పిల్లాడో సామానో పడిపోతాడనో పోతుందనో చెయ్యి చాపడం ఎవరైనా చేసే పనే. దానికి సూసైడ్ అని పేరు పెట్టడం నాకెప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

మరి ఎందుకు పెట్టారు

గుర్రపు బండి వేగంలో ఈ గాలి గొడవే లేదు. కోచ్ డోర్ అనే పేరు ఆ బండ్ల కాలాన్ని గుర్తుచేస్తూ పెట్టుకున్నదే. కార్లు వచ్చాక ఈ తలుపు కొనసాగడానికి ఇంకో కారణం కూలీ ఖర్చు లాంటి మామూలు సంగతి. కారు మధ్యలో నిలబడే పిల్లర్ ఒకటి గట్టిగా కట్టి, ముందు తలుపునీ వెనక తలుపునీ దానికే వేలాడదీస్తే పని సులువు. ముందు అద్దం పక్కనున్న సన్నటి పిల్లర్ మీద తలుపు బరువు పడదు.

ఆ పద్ధతి కారు మన దేశంలోనూ తిరిగింది. 1953లో ఇటలీలో వచ్చిన ఫియట్ 1100-103ని బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేశారు. దాని ముందు తలుపులకు బందులు వెనకే. ఆ కారు గుండ్రటి ఆకారం చూసి బొంబాయి జనం డుక్కర్ ఫియట్ అన్నారు, మరాఠీలో డుక్కర్ అంటే పంది. తర్వాతి మోడళ్లలో ఫియట్ బందుల్ని ముందుకు మార్చేసింది. ఆ మారిన వంశంలోంచి వచ్చిందే మనందరికీ తెలిసిన పద్మిని. ఇటలీలో బుల్లి ఫియట్ 500 కూడా 1957లో వెనక బందులతోనే పుట్టి 1965లో దారి మార్చుకుంది. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ 2సీవీ ముందు తలుపులు 1964లో మారాయి. మొత్తమ్మీద 60ల మధ్యకి వచ్చేసరికి చవక కార్లలో ఈ తలుపు కథ దాదాపు ముగిసింది.

ఎక్కి దిగే సుఖం మాత్రం నిజంగా ఉంది, అది ఒప్పుకోవాలి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. సెడాన్ వెనక సీటులోకి ఆవిడ ఎక్కే తీరు చూస్తే మామూలు తలుపు లోపం కళ్లకు కడుతుంది. తలుపు తెరిచాక ఖాళీ ఎక్కువ దొరికేది వెనక అంచు దగ్గర, అక్కడేమో చక్రం గుంట వంపు అడ్డం వస్తుంది. పాదం పెట్టాల్సింది ముందు, మధ్య పిల్లర్ దగ్గర, అక్కడ తలుపు ఇరుగ్గా మూసుకుని ఉంటుంది. దాంతో ఆవిడ ముందు వెనక్కి తిరిగి కూర్చుని, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఒక్కో కాలినీ చేత్తో పట్టి లోపలికి లాక్కుంటుంది. బందులు వెనకుంటే ఈ కోణం తిరగబడుతుంది: పాదం పెట్టే చోటే తలుపు బార్లా ఉంటుంది, నడుం వెనక ఇరుగ్గా ఉంటుంది, నడుం ఎలాగూ సీటు మీదికే వెళ్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. దిగేటప్పుడు కాళ్లు ముందు నేలకి ఆనించి, కుర్చీలోంచి లేచినట్టు లేవొచ్చు.

2010లో వచ్చిన ఓపెల్ మెరివా ఈ సుఖాన్నే నమ్ముకుంది. అది గొప్పింటి కారేం కాదు, పిల్లల సీట్లు బిగించుకునే తల్లిదండ్రుల కోసం, పెద్దవాళ్ల కోసం చేసిన మామూలు కుటుంబ కారు.

ఒకే మనిషి, రెండు కార్లు

గడియ సంగతి తేలింది 1950ల అమెరికాలో. కార్నెల్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ప్రమాదాల్లో గాయాల మీద జరిగిన పరిశోధనలో ఒక విషయం మళ్లీ మళ్లీ బయటపడింది: ఢీకొన్నప్పుడు తలుపు తెరుచుకుని బయటికి ఎగిరిపడ్డవాళ్లే ఎక్కువగా చనిపోతున్నారు. కారు లోపలే ఉండిపోయినవాళ్లు బతికే అవకాశం ఎక్కువ. ఇది అప్పటి జనాభిప్రాయానికి పూర్తిగా ఎదురు. ప్రమాదంలో బయట పడిపోతేనే మంచిదని చాలామంది నమ్మేవాళ్లు. ఆ మాట మన దగ్గర ఇప్పటికీ సీటు బెల్టు పెట్టుకోనివాళ్ల నోట వినిపిస్తూనే ఉంటుంది.

1956 మోడల్ ఫోర్డ్ కార్లలో లైఫ్‌గార్డ్ పేరుతో ఒక భద్రతా ప్యాకేజీ వచ్చింది. లోతుగా గుంట తీసిన స్టీరింగ్ చక్రంతో పాటు, ఢీకొన్నప్పుడు ఊడని గడియలు అన్ని కార్లకూ వేశారు. దాని వెనకున్న మనిషి రాబర్ట్ మెక్‌నమారా, అప్పుడు ఫోర్డ్ విభాగానికి అధిపతి. ఇదే మెక్‌నమారా కొన్నేళ్ల తర్వాత, డిజైనర్ ఎల్వుడ్ ఎంగెల్ ఫోర్డ్ వాళ్ల థండర్‌బర్డ్ కారు కోసం గీసిన ఒక డిజైన్ చూసి, దీన్ని నాలుగు తలుపుల లింకన్‌గా మార్చండి అన్నాడు. లింకన్ అంటే ఫోర్డ్ వాళ్ల ఖరీదైన కార్ల బ్రాండ్. అలా పుట్టింది 1961 లింకన్ కాంటినెంటల్. వెనక తలుపులకు బందులు వెనకే. నమూనా కారులో వెనక సీటు నుంచి దిగే ఇంజనీర్ల బూట్లు ప్రతిసారీ తలుపుకి తగులుతుంటే, విసుగొచ్చి బందుల్ని అటు మార్చారని చెప్తారు.

అంటే భద్రత పేరు చెప్పి గడియను గట్టి చేయించిన మనిషి హయాంలోనే జనం భయపడే తలుపు మళ్లీ వచ్చింది. మొదటి పని జరగకపోతే రెండోది ఎవరూ ఒప్పుకునేవారు కారనుకుంటాను. దానికి తోడు ఆ లింకన్‌లో తలుపు సరిగ్గా పడకపోతే డ్రైవర్ ఎదుట లైటు వెలిగేది. ఆ మోడల్‌ని మార్చి కట్టిన బండిలోనే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ప్రయాణించేవాడు. 1963 నవంబరు 22న డాలస్‌లో హత్యకు గురైనప్పుడు ఆయన కూర్చున్నదీ అందులోనే.

టక్, టక్

ఇప్పటి గడియ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మీ కారు దగ్గరికి వెళ్లండి. తలుపు తెరిచి వెనక అంచు చూస్తే ఒక చీలికలో నల్లటి కొక్కెం కనిపిస్తుంది, పీత డెక్కలా ఉంటుంది. ఎదురుగా పిల్లర్‌కి వంచిన ఇనప కమ్మీ ఒకటి బిగించి ఉంటుంది. కమ్మీ వచ్చి తోసినట్టు స్క్రూడ్రైవర్‌తో ఆ కొక్కేన్ని నెమ్మదిగా తోయండి. టక్ అని ఒకసారి ఆగుతుంది. ఇంకా తోస్తే ఇంకో టక్. మొదటిది సగం గడియ, రెండోది పూర్తి గడియ. తలుపు మెల్లగా వేసినప్పుడు పడ్డట్టే ఉండి డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరకపోతుందే, అది మొదటి టక్ దగ్గర ఆగిన తలుపు. (ఈ ప్రయోగం అయ్యాక బయటి హ్యాండిల్ లాగి కొక్కేన్ని విడిపించాకే తలుపు వేయాలి. ఒకసారి నేను మర్చిపోయి దబ్బున వేశాను. మూసుకున్న కొక్కెం వెళ్లి కమ్మీకి కొట్టుకుంది. మెకానిక్ డబ్బులు తక్కువే తీసుకున్నాడు, నవ్వు మాత్రం చాలాసేపు నవ్వాడు.)

పాత నాలుకకీ ఈ కొక్కేనికీ ఉన్న తేడా పట్టులో ఉంది. నాలుక గాడిలో దూరి ఉంటుంది, అంతే, సందు పెరిగితే జారిపోతుంది. కొక్కెం కమ్మీని చుట్టేసి పట్టుకుంటుంది. తలుపును బయటికి లాగినా వదలదు, కారు ఒళ్లు సాగి సందు పెరిగినా వదలదు.

ఎంత గట్టిగా అన్నదానికి అంతర్జాతీయ నిబంధనల్లో అంకెలున్నాయి. ఐక్యరాజ్యసమితి వేదిక మీద ప్రపంచ దేశాలన్నీ వాడుకునేలా రాసిన వాహన నిబంధనల వరసలో మొట్టమొదటిది, 2004లో వచ్చింది, తలుపు లాక్‌ల గురించే. దాని ప్రకారం పూర్తిగా పడిన గడియ ఒక దిశలో 11,000 న్యూటన్లు, అంటే 1,100 కిలోలకు పైగా లాగినా విడిపోకూడదు. తలుపు తెరుచుకునే దిశలో 9,000 న్యూటన్లు తట్టుకోవాలి. సగం పడిన గడియ కూడా 4,500 న్యూటన్లు, సుమారు 460 కిలోలు మోయాలి. ఇందాకటి గాలి లెక్కతో పోల్చి చూడండి: 100 కిలోమీటర్ల వేగంలో బార్లా తెరిచిన తలుపు మీద గాలి తోపు 47 కిలోలు. మొదటి టక్ దగ్గర ఆగిపోయిన తలుపు కూడా దానికి దాదాపు పదింతలు తట్టుకుంటుంది. బందులకూ ఇలాంటి పరీక్షలే ఉంటాయి. మన దేశంలో ఈ లాక్‌లు, బందుల పరీక్షలకు ఐఎస్ 14225 అనే ప్రమాణం ఉంది.

గడియ దానంతటది ఊడదు, సరే. ఎవరైనా హ్యాండిల్ లాగితే? ఆడుకుంటున్న పిల్లాడు లాగొచ్చు, నిద్రలో మోచెయ్యి తగలొచ్చు. ముందు బందుల తలుపైతే గాలి కాస్త కాపాడుతుంది. వెనక బందుల తలుపుకి ఆ రక్షణ లేదు. అందుకే ఆ నిబంధనల్లో ఈ తలుపుకి విడిగా ఒక షరతు పెట్టారు: మిగతా తలుపులతో సంబంధం లేకుండా సొంతంగా తెరుచుకునే వెనక బందుల తలుపైతే, కారు వేగం గంటకు 4 కిలోమీటర్లకు చేరినప్పటి నుంచి లోపలి హ్యాండిల్ పనిచేయకూడదు. తలుపు సరిగా పడకపోతే డ్రైవర్‌కి హెచ్చరిక రావాలి. 4 కిలోమీటర్లంటే మనిషి నింపాదిగా నడిచే వేగం. ఒకరకంగా తనంతట తాను పడే చైల్డ్ లాక్ అనుకోండి. మెరివా, రోల్స్ రాయిస్ ఈ కోవలోవి.

ఆ షరతులో 'సొంతంగా తెరుచుకునే' అన్న మాట చిన్నదే కానీ, దాని మీదే ఈ తలుపుల్లో రెండు వంశాలు విడిపోయాయి. రెండో వంశం తలుపులు సొంతంగా తెరుచుకోవు. 2003 నాటి మాజ్దా ఆర్‌ఎక్స్-8, హోండా ఎలిమెంట్, టయోటా ఎఫ్‌జే క్రూజర్, 2020లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-30 అన్నీ ఈ రకమే. ముందు తలుపు తెరిస్తే తప్ప వెనక తలుపు తెరుచుకోదు, ముందు తలుపు అంచు దాని మీద పడి నొక్కిపెడుతుంది. ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదు, బయట హ్యాండిల్ కూడా ఉండదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ తలుపును రోజూ చూస్తూనే ఉంటారు, గుర్తుపట్టరు. ఎక్స్‌టెండెడ్ క్యాబ్ పికప్ ట్రక్కుల్లో ముందు సీటు వెనక ఉండే పొట్టి తలుపు ఇదే.

ఈ రెండో వంశం కార్లకు మధ్య పిల్లర్ ఉండదు. రెండు తలుపులూ తీస్తే కారు పక్కంతా ఒకే పెద్ద ద్వారం. పిల్లర్ లేకపోతే పక్క నుంచి గుద్దితే గతేంటి అనే అనుమానం సహజమే. పిల్లర్‌ని నిజానికి తీసేయలేదు, వెనక తలుపు లోపలికి మార్చారు. ఆ తలుపు అంచులో నిలువుగా గట్టి ఉక్కు దూలం ఉంటుంది, మూసినప్పుడు పైన కప్పుకీ కింద గడపకీ రెండు చోట్లా గడియ పడుతుంది. యూరప్‌లో కొత్త కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ దగ్గర ఎంఎక్స్-30 అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. పిల్లర్ ఉంచిన మెరివా కూడా 2010లో అయిదే తెచ్చుకుంది. కాబట్టి పిల్లర్ లేని కారు డొల్ల అని తీర్పు చెప్పడం కుదరదు. ఆ బరువూ ఖర్చూ ఇంకోచోట పెట్టాల్సి వస్తుందంతే.

కారు ఆగాక

మన సంగతి ఇప్పుడు మొదలవుతుంది. రోడ్డు పక్కన కారు ఆపి కుడివైపు తలుపు తీశారు. వెనక నుంచి బైక్ వస్తోంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బండి నడిపేవాళ్లకు ఈ దృశ్యం చెప్పక్కర్లేదు.

ముందు బందుల తలుపు తెరిచినప్పుడు సందు వెనకవైపు ఏర్పడుతుంది. అందులోంచి వెనక వచ్చేది కాస్తయినా కంటపడుతుంది. అలవాటు చేసుకుంటే ఎడమచేత్తో తలుపు తీయొచ్చు. అప్పుడు ఒళ్లు దానంతటదే తిరిగి చూపు వెనక్కి పోతుంది. వెనక బందుల తలుపులో హ్యాండిల్ ముందుంది, సందు ముందు ఏర్పడుతుంది, చూపూ ముందుకే పోతుంది. తలుపు రెక్క మనకీ వచ్చే బండికీ మధ్య తెరలా నిలబడుతుంది. దాని అద్దంలోంచి కనిపించినంతే.

ఇక తగిలిందనుకోండి. ముందు బందుల తలుపైతే బైక్ మనిషి ఆ తలుపు అంచుకో లోపలి వైపుకో కొట్టుకుంటాడు, తలుపు ముందుకు విరుచుకుపోతుంది. దిగే మనిషికి దెబ్బ తక్కువ, వచ్చేవాడికి ఎక్కువ. వెనక బందుల తలుపైతే బైక్ వాలుగా ఉన్న రేకుకి తగిలి, తలుపును మూసేస్తుంది. అప్పటికి ఒక కాలు కింద పెట్టి ఉన్న మనిషి కాలు తలుపుకీ గడపకీ మధ్య పడుతుంది. అంటే ఈ తలుపు ప్రమాదాన్ని తీసేయదు, ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి మారుస్తుంది. ఏది మేలు అని నన్నడిగితే, రెండు రకాల కార్లలోనూ ఎడమవైపే దిగండి అంటాను.

వెనక సీటువాళ్లకు ఎడమవైపు తలుపే పెట్టని కారు కూడా ఉంది. 2007లో వచ్చిన మినీ క్లబ్‌మన్‌కి వెనక సీటు కోసం ఒకే ఒక్క బుల్లి తలుపు పెట్టారు, కుడివైపు. యూరప్ దేశాల్లో కార్లు రోడ్డుకి కుడిపక్కన ఆగుతాయి కాబట్టి అక్కడ అది కాలిబాట వైపు. మనలాగే ఎడమ పక్కన నడిచే బ్రిటన్‌లో మాత్రం పిల్లలు దిగేది సరాసరి ట్రాఫిక్‌లోకి. మినీ పుట్టిల్లే అది! అటు మార్చలేకపోవడానికి కారణం ఎడమవైపు పెట్రోల్ గొట్టం ఉండటం. మన ఊళ్లలో ఆటోలకి కుడివైపు అడ్డంగా వేసే ఇనప కడ్డీని చూసినప్పుడల్లా నాకు ఆ కారు గుర్తొస్తుంది. అయిదు వందల రూపాయల వెల్డింగ్‌తో మనవాళ్లు పట్టుకున్న కిటుకు అక్కడ చేజారింది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అయితే ఇంకో తమాషా. రెండో వంశం కారు పక్కన ఇంకో కారు ఆగి ఉంది. ముందు సీటాయన తలుపు తీసి దిగాడు, తర్వాత వెనక తలుపు తీశాడు. ఇప్పుడు ఆయన ముందూ వెనకా రెండు తలుపులు, ఒక పక్క తన కారు, ఇంకో పక్క పొరుగాయన కారు. నాలుగు గోడల గది. వెనక సీటులోంచి దిగే మనిషి కూడా అదే గదిలోకి దిగాలి. ఒకరు బయటపడాలంటే ఏదో ఒక తలుపు మూయాలి, మూయాలంటే ఇంకొకరు కాలు తీయాలి. హోండా ఎలిమెంట్ లాంటివాటిలో ముందు సీటు బెల్టు వెనక తలుపుకే బిగించి ఉంటుంది. కాబట్టి ముందు కూర్చున్నవాళ్లు బెల్టు విప్పితే తప్ప వెనక తలుపు తీయకూడదు.

ఇబ్బంది వరకైతే నవ్వుకోవచ్చు. ప్రమాదం జరిగి ముందు తలుపు నలిగి బిగుసుకుపోతే వెనకవాళ్ల పరిస్థితి నవ్వులాట కాదు. వాళ్ల తలుపు ఆ ముందు తలుపు మీదే ఆధారపడి ఉంది. ఆర్‌ఎక్స్-8లోనూ ఎంఎక్స్-30లోనూ వెనక అద్దం కిందికి దిగదు. ముందు సీటు వంచి అటు నుంచి రావాలి, లేదా రెండోవైపు వెళ్లాలి. రెండు తలుపుల కూపేల్లోనూ ఇదే పరిస్థితి కదా అంటే నిజమే. కానీ కూపే కొనేవాళ్లు రెండు తలుపులని తెలిసే కొంటారు.

ఇంకొక్క మాట, మామూలు కారుకి ఈ తలుపులు పెట్టించుకోవాలని చూసే కుర్రాళ్లకు. బందులు ఇటు నుంచి అటు మార్చడం వెల్డింగ్ షాపులో అయ్యే పనే. కానీ ఆ పిల్లర్ గడియ కమ్మీని మోయడానికి చేసింది, తలుపు బరువంతా వేలాడదీయడానికి చేసింది కాదు. 4 కిలోమీటర్ల దగ్గర హ్యాండిల్‌ని ఆపేసే ఏర్పాటూ అక్కడ రాదు. అంటే 1930ల తలుపును ఇవాళ్టి హైవే వేగానికి తెచ్చుకున్నట్టు. చట్టం కూడా ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది.

కొనే ఆలోచన లేకపోయినా పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరిదో రోల్స్ రాయిస్ వెనక సీటులో కూర్చునే యోగం పట్టొచ్చు. కూర్చున్నాక అలవాటుగా తలుపు లాగబోతే చెయ్యి అందదు, హ్యాండిల్ ఎక్కడో ముందు, బయట ఉంటుంది. వంగొద్దు. భుజం వెనక పిల్లర్ మీద ఒక బటన్ ఉంటుంది, నొక్కితే తలుపు తనే వచ్చి మూసుకుంటుంది. ఒకప్పుడు ప్రాణాలు తీసిన ఆ వంగడాన్ని తప్పించడానికి మోటారు పెట్టారన్నమాట. 2003 నాటి ఫాంటమ్ అయితే దిగేటప్పుడు ఆ తలుపునే ఒకసారి చూడండి, దాని మందంలో ఒక గొడుగు దాచి ఉంటుంది.